వీసా మీద ఉన్నవాళ్ళు నిరసనలకి, స్థానిక సాయానికి ఎలా తోడవ్వాలి: నా అనుభవంలోంచి ఒక పెద్ద సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు హెచ్1బీ (ఉద్యోగ వీసా), మీ ఆవిడ హెచ్4 (మీ మీద ఆధారపడి వచ్చిన వీసా), ఎనిమిదేళ్ళ పాప. ఒక నల్లజాతి కుర్రాణ్ణి పోలీసులు కొట్టిన వీడియో బయటికొచ్చాక మీ ఊళ్ళో ప్రతి శనివారం నిరసన జరుగుతోంది. దగ్గర్లో ఒక చర్చిలో సరుకులు పంచుతున్నారు. చూస్తూ ఊరుకోలేకపోతున్నారు, కానీ వీసా భయం. ఏం చెయ్యొచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలి, పాపని తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ ఊళ్ళో ఇప్పటికే ఈ పని చేస్తున్నవాళ్ళెవరో కనుక్కోండి, వాళ్ళకేం కావాలో అడగండి, అదే ఇవ్వండి. కొత్తగా గ్రూపు పెట్టడం, బ్యానర్ తయారు చేయించడం, ఫండ్‌రైజర్ తెరవడం, ఇవేవీ ఇప్పుడొద్దు. నెలకింత అని డబ్బు, వారానికో రెండు గంటల టైము, ఒక కారు, ఈ మూడూ మీ దగ్గర ఉంటే ప్లకార్డు పట్టుకోకుండానే చాలా పని అవుతుంది. రోడ్డు మీదికి వెళ్ళాలా వద్దా అన్నది మీ వీసానీ, మీ ధైర్యాన్నీ బట్టి విడిగా ఆలోచించుకోవాల్సిన విషయం. వెళ్ళకపోయినా తప్పేం లేదు.

నా గురించి ఒక ముక్క. 2020లో మేము మిన్నియాపొలిస్ శివార్లలో ఉండేవాళ్ళం. మే 25న జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు 9 నిమిషాల 29 సెకన్లు మోకాలు పెట్టి చంపిన 38వ వీధి, షికాగో అవెన్యూ కూడలి మా ఇంటి నుంచి కారులో ఇరవై నిమిషాలు. అంతకుముందు నేను అమెరికాలో ఏ నిరసనకీ వెళ్ళినవాణ్ణి కాదు. ఆ వేసవి నుంచి మొదలై, ఇప్పుడు కొలంబస్ దగ్గరికి మారాక కూడా, జైలు బయట ఎదురుచూడటం, సరుకులు మోయడం, కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోవడం చేస్తూనే ఉన్నాను. నేను లాయర్ని కాను. వీసా గురించి కింద రాసింది నేను లాయర్లని అడిగి తెలుసుకున్నదీ, కళ్ళారా చూసిందీ. మీ కేసుకి మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక గంట అడగండి, ఆ ఫీజు దండగ కాదు.

ముందు వీసా సంగతి, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది.

మాట్లాడే హక్కు, గుమిగూడే హక్కు ఇచ్చే మొదటి రాజ్యాంగ సవరణ సిటిజన్లకే అని ఎక్కడా లేదు. చట్టప్రకారం జరిగే నిరసనలో నిలబడటం మీకు నేరం కాదు. అయితే చిక్కు నిరసనతో రాదు, అరెస్టుతో వస్తుంది. సిటిజన్‌ని అరెస్టు చేసి మర్నాడు కేసు కొట్టేస్తే అతను ఇంటికెళ్ళి పడుకుంటాడు. మనకి అలా కాదు. వీసా స్టాంపింగ్ కోసం నింపే డీఎస్160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, శిక్ష పడిందా అని మాత్రమే కాదు. రేపు సిటిజన్‌షిప్‌కి ఎన్400 నింపినా అదే ప్రశ్న. కేసు నిలవకపోయినా అవునని రాయాలి, కాగితాలు చూపించాలి. పైగా అరెస్టు ఒక్కదాన్ని పట్టుకుని వీసా రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్‌కి ఉంది. 2025 వసంతంలో విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ళ వీసా హోదాని ప్రభుత్వం నమోదు చేసే చోటు) వేల సంఖ్యలో తీసేశారు, అందులో చాలామందివి ట్రాఫిక్ టికెట్ లాంటి చిన్నాచితకా వ్యవహారాలే. కోర్టుల్లో వరసగా కేసులు పడ్డాక ఏప్రిల్ చివర్లో మళ్ళీ పెట్టారు గానీ, ఆ నెలరోజులు ఆ పిల్లలు పడ్డ నరకం నాకు తెలుసు, ఇద్దరు మా బేస్‌మెంట్‌లోనే ఉన్నారు.

కాబట్టి నేను చెప్పే లెక్క ఇది. పగటిపూట, అనుమతి తీసుకుని, చర్చి ముందో సిటీ హాల్ ముందో జరిగే సభకి హెచ్1బీ మనిషి వెళ్ళొచ్చు, నాకు తెలిసి చాలామంది వెళ్తున్నారు. రాత్రిపూట, రోడ్డు మూసేసే ఊరేగింపుకి, కర్ఫ్యూ పెట్టాక జరిగేదానికి వెళ్ళకండి. కర్ఫ్యూ అంటే చిన్న విషయం కాదు. 2020 మే 29న మిన్నియాపొలిస్‌లో రాత్రి 8 నుంచి కర్ఫ్యూ పెట్టారు, ఆ తర్వాత రోడ్డు మీద ఊరికే నిలబడటమే అరెస్టుకి కారణం. పోలీసులు మైకులో చెదిరిపొమ్మని చెప్పిన మొదటిసారే బయటికి నడవండి. రెండోసారి దాకా ఆగి చూద్దాం అనుకునే సౌకర్యం మనకి లేదు.

ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది చదువుతుంటే, మీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి కొంచెం వెసులుబాటు ఉంది, కానీ పూర్తి భద్రత లేదు.

వెళ్తే మాత్రం కొన్ని పనులు తప్పకుండా చేయండి. పద్దెనిమిదేళ్ళు దాటిన నాన్‌సిటిజన్లు రిజిస్ట్రేషన్ కాగితం వెంట ఉంచుకోవాలని చట్టం, అంటే గ్రీన్ కార్డో, ఐ94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు) ప్రింటో. పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టి ఫోటో తీసుకెళ్ళండి. ఫోన్‌లో ముఖం, వేలిముద్ర లాక్ తీసేసి పాస్‌కోడ్ ఒక్కటే ఉంచండి. ఒక లాయర్ నంబరు, ఇంటి నంబరు చెరగని మార్కర్‌తో చేతి మీద రాసుకోండి, ఎందుకంటే లోపలికి తీసుకెళ్తే ఫోన్ లాగేస్తారు, ఈ రోజుల్లో పెళ్ళాం నంబరు నోటికొచ్చినవాడు ఎవడూ లేడు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవద్దు. పెప్పర్ స్ప్రే పడితే నీళ్ళతో కడగాలి, చాలా నీళ్ళతో, రుద్దకుండా. పాలు పోస్తే తగ్గుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంది, ఆ పని చెయ్యకండి. కళ్ళకి కొట్టొచ్చే నియాన్ ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని నోట్సు రాసుకుంటూ కనపడేవాళ్ళు నేషనల్ లాయర్స్ గిల్డ్ తరపున వచ్చిన లీగల్ అబ్జర్వర్లు. వాళ్ళు నినాదాలివ్వరు, ఎవర్ని ఎప్పుడు పట్టుకున్నారో రాస్తారంతే. వాళ్ళ దగ్గర హాట్‌లైన్ నంబరు ఉంటుంది, మీ చేతి మీద రాసుకోవాల్సింది అదే.

పోలీసు ఆపితే "నేను వెళ్ళొచ్చా" అని అడగండి. వెళ్ళొచ్చంటే వెళ్ళిపోండి. వెళ్ళనివ్వకపోతే, లాయర్ లేకుండా మాట్లాడనని నోటితో చెప్పి ఆగిపోండి. ఊరికే మౌనంగా ఉంటే చాలదు, చెప్పి మౌనంగా ఉండాలి. మన అలవాటు ఏంటంటే, మర్యాదగా వివరించి చెప్తే వదిలేస్తాడు అనుకుంటాం. వివరించడం మొదలుపెట్టాక ఎక్కడ ఆగాలో తెలీదు.

ఇక అసలు పని. జైలు సపోర్ట్ అనేదాని గురించి మనవాళ్ళలో దాదాపు ఎవరికీ తెలీదు, నా ఉద్దేశంలో మీలాంటివాళ్ళకి ఇంతకన్నా సరిపోయేది లేదు. నిరసనలో పట్టుకున్నవాళ్ళని ఏ అర్ధరాత్రో, తెల్లవారుజామునో ఒక్కొక్కరినే వదులుతారు. బయటికొచ్చేసరికి ఫోన్ చచ్చిపోయి ఉంటుంది, లేదా ఇంకా వాళ్ళ దగ్గరే ఉంటుంది. బస్సులుండవు. షూ లేసులు తీసేసి ఉంటారు. పర్సు ఇంకో బిల్డింగ్‌లో ఉంటుంది, సోమవారం వచ్చి తీసుకోమంటారు. ఆ తలుపు ఎదురుగా ఎవరో ఒకరు మడత కుర్చీ వేసుకుని కూర్చుని ఉండాలి, నీళ్ళు, చార్జరు, ఏదైనా తినేది, ఇంటిదాకా కారు. అంతే పని. పబ్లిక్ ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు కాబట్టి మీకు రిస్కు తక్కువ. షిఫ్టు లెక్కన పంచుకుంటారు, చాలాచోట్ల సిగ్నల్ యాప్‌లో గ్రూపు ఉంటుంది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మా ఆవిడ చేత పెద్ద ట్రేలో పులిహోర చేయించి తీసుకెళ్ళాను. ప్లేట్లు మర్చిపోయాను, చెంచాలు మర్చిపోయాను. పద్నాలుగు గంటలు లోపల ఉండి వచ్చిన మనిషికి చేతులు కడుక్కునే చోటు లేని ఫుట్‌పాత్ మీద పులిహోర! ఒకమ్మాయి నవ్వి, పోలీసు స్ప్రే చేతులకి ఇంకా ఉంది అంకుల్, ఆ చేత్తో తింటే చచ్చిపోతాను అంది. అక్కడ షిఫ్టు చూస్తున్న పెద్దావిడ, రిటైరైన నర్సు, నన్ను పక్కకి పిలిచి ఒక లిస్టు ఇచ్చింది. సాక్సులు, మూడు రకాల చార్జింగ్ వైర్లు, గ్రానోలా బార్లు, శానిటరీ ప్యాడ్లు, ఒక సిగరెట్ ప్యాకెట్. సిగరెట్లా అన్నాను. ఇవ్వాలా వద్దా అని తీర్మానించడానికి నువ్వెవరు అన్నట్టు చూసింది. అప్పటి నుంచి అడక్కుండా ఏదీ తీసుకెళ్ళను.

కోర్టు కూడా ఇలాగే. అమెరికాలో కోర్టు విచారణలు చాలామటుకు పబ్లిక్‌కి తెరిచే ఉంటాయి, మీరు వెళ్ళి కూర్చోవచ్చు. బెయిల్ ఎంత పెట్టారు, ఎవరికి లాయర్ దొరికాడు, ఎవరికి దొరకలేదు అని రాసుకునే వాలంటీర్ గ్రూపుల్ని కోర్ట్ వాచ్ అంటారు. పదిహేను నిమిషాల శిక్షణ ఇచ్చి ఫారం చేతికిస్తారు. బోర్ కొడుతుంది, నిజంగా కొడుతుంది. కానీ తన మనుషులు ఎవరూ రాలేదనుకున్న కుర్రాడు వెనక్కి తిరిగి బెంచీ నిండా జనాన్ని చూసినప్పుడు వాడి భుజాలు దిగడం నేను చూశాను.

డబ్బు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఉదారంగా ఇస్తారు కానీ సరిగ్గా ఇవ్వరు.

బెయిల్ ఫండ్ అంటే ఏంటో ముందు. జడ్జి రెండు వేల డాలర్ల బెయిల్ పెట్టాడనుకోండి. పూర్తిగా కట్టగలిగితే, ప్రతి వాయిదాకి హాజరైతే, కేసు అయ్యాక ఆ డబ్బు తిరిగొస్తుంది, కొన్నిచోట్ల ఫీజులు పోను. కట్టలేనివాళ్ళు బెయిల్ బాండ్ కంపెనీకి మామూలుగా పది శాతం ఇస్తారు, అది మాత్రం తిరిగి రాదు. అదీ లేనివాళ్ళు నేరం రుజువు కాకుండానే లోపల ఉంటారు, ఈలోగా ఉద్యోగం పోతుంది. స్థానిక బెయిల్ ఫండ్ మొత్తం కట్టి బయటికి తెస్తుంది, డబ్బు తిరిగొచ్చాక ఇంకొకరికి కడుతుంది. మీ యాభై డాలర్లు తిరుగుతూనే ఉంటాయి. రాష్ట్రాన్ని బట్టి కథ మారుతుంది. ఇల్లినాయ్‌లో 2023 సెప్టెంబర్ 18 నుంచి డబ్బు బెయిలే తీసేశారు, అక్కడ ఆ ఫండ్ అవసరం వేరు. జార్జియాలో 2024లో ఇలాంటి ఫండ్లని కట్టడి చేస్తూ చట్టం తెచ్చారు, అది కోర్టుకెక్కింది. మీ రాష్ట్రంలో ఏముందో ఇచ్చేముందు చూసుకోండి.

2020లో జరిగింది గుర్తుపెట్టుకోండి. మిన్నెసోటా ఫ్రీడమ్ ఫండ్ అనే చిన్న సంస్థకి కొద్ది రోజుల్లో మూడు కోట్ల డాలర్లకి పైగా వచ్చిపడ్డాయి. సెలబ్రిటీలు ఆ ఒక్క లింకే షేర్ చేశారు, లోకమంతా అక్కడికే పంపింది. చివరికి వాళ్ళే దయచేసి వేరేవాళ్ళకి ఇవ్వండి అని పెట్టాల్సొచ్చింది. అదే సమయంలో మిన్నియాపొలిస్‌లో లేక్ స్ట్రీట్ వెనక వీధుల్లో అద్దె సాయం చేసే చిన్న గ్రూపులకి వందల్లో కూడా రాలేదు. అందుకే నేను ఒకేసారి ఐదొందలు కాకుండా నెలకి నలభై అంటాను. వార్తల్లో ఉన్నప్పుడు అందరూ ఇస్తారు. ఆర్నెల్ల తర్వాత, కోర్టు తేదీలన్నీ వచ్చే సమయానికి, అకౌంట్ ఖాళీగా ఉంటుంది.

మీ కంపెనీ డొనేషన్ మ్యాచింగ్ ఇస్తుంటే వాడుకోండి, అది మామూలుగా 501సీ3 (చారిటీగా టాక్స్ మినహాయింపు) గుర్తింపు ఉన్న సంస్థలకే వర్తిస్తుంది. టాక్స్ శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. గుర్తింపు లేని చిన్న గ్రూపు పెద్ద సంస్థ గొడుగు కింద డబ్బు తీసుకుంటూ ఉండొచ్చు, అడగండి. వెన్మో, జెల్ లాంటి డబ్బు పంపే యాప్‌లో ఒక కుటుంబానికి నేరుగా పంపితే టాక్స్ మినహాయింపు రాదు, జెల్‌లో వెళ్ళింది వెనక్కి తెచ్చుకోవడమూ కష్టం. అయినా నేను పంపుతాను, తెలిసినవాళ్ళు పక్కాగా చెప్పినప్పుడు. వెన్మోలో మాత్రం సెట్టింగ్ ప్రైవేట్‌కి మార్చండి, లేకపోతే మీరు ఎవరికి ఎందుకు పంపారో ఊరంతా చూస్తుంది. పుచ్చుకున్నవాళ్ళ పరువు కూడా ఉంది కదా.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. హెచ్1బీ, ఎఫ్1, హెచ్4 మీద ఉన్నవాళ్ళు ఎన్నికల అభ్యర్థులకి, పార్టీలకి, పొలిటికల్ కమిటీలకి చందా ఇవ్వకూడదు. పది డాలర్లయినా సరే. గ్రీన్ కార్డ్ ఉంటే ఇవ్వొచ్చు. చారిటీకీ, బెయిల్ ఫండ్‌కీ ఈ నిషేధం లేదు. నిరసన సభల్లో క్యూఆర్ కోడ్ కాగితాలు పంచుతారు, అందులో ఒకటి చారిటీది, పక్కది ఎవరో షెరీఫ్ పోటీదారుడిది అయ్యుంటుంది. చదివి కొట్టండి. అలాగే ఓటు నమోదు డెస్కు దగ్గర ఉత్సాహంగా ఫారం నింపకండి. నాన్‌సిటిజన్ ఓటరుగా నమోదైతే ఆ దెబ్బ నుంచి కోలుకోవడం దాదాపు అసాధ్యం.

మీ ఆవిడకి వర్క్ పర్మిట్ లేదన్నారు. వాలంటీర్ పని చెయ్యొచ్చు, అయితే ఎవరికైనా జీతమిచ్చి చేయించుకునే ఉద్యోగాన్ని ఉచితంగా చేయకూడదు. చర్చి పంపిణీలో సరుకులు సర్దడం మామూలుగా అందరూ ఊరికే చేసేదే, ఇబ్బంది లేదు. అదే సంస్థకి వారానికి ముప్ఫై గంటలు అకౌంట్స్ చూస్తానంటే లాయర్‌ని అడగాలి.

సరుకులు. 2020 మే ఆఖర్లో లేక్ స్ట్రీట్ చుట్టుపక్కల సూపర్ మార్కెట్లు కాలిపోయాయి, కొన్ని మూతపడ్డాయి. శాన్‌ఫర్డ్ మిడిల్ స్కూల్ వాళ్ళు తమ పిల్లల కుటుంబాల కోసం 85 సంచుల సరుకులు కావాలని అడిగారు. వేలకి వేల సంచులొచ్చాయి, కార్ల వరస మైళ్ళ పొడవునా. ఆ వరసలో నేనూ ఉన్నాను. రెండు గంటలు కారులో కూర్చుని ఏడ్చినంత పనిచేశాను, మనుషులు ఇంత మంచివాళ్ళా అని. తర్వాత తెలిసింది, వచ్చినదాన్ని విడదీసి, పాడయ్యేది పాడవకముందే ఇంకోచోటికి తరలించడానికి ఎంతమంది ఎన్ని రోజులు పడ్డారో. మంచితనానికి గోడౌన్ కూడా కావాలి.

అందుకే ఏం కావాలో లిస్టు అడగండి. అడిగే వీలు లేకపోతే ఒక సులువు చెప్తాను. ఫుడ్ స్టాంపులతో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి తిండి కొనడానికి ప్రభుత్వం ఇచ్చే కార్డు) కొనలేనివి కొనండి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, సబ్బు, టాయిలెట్ పేపర్, బట్టల సోడా, ఇవేవీ ఆ కార్డు మీద రావు. వేడివేడిగా అమ్మే వండిన పదార్థాలు కూడా మామూలుగా రావు. అలమరలో బీన్స్ డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి, ఐదో సైజు డైపర్లు ఎప్పుడూ ఉండవు. వీధి ఫ్రిజ్‌లో (ఎవరైనా పెట్టి, ఎవరైనా తీసుకునేది) ఏదైనా పెడితే తేదీ, అందులో ఏమేం పడ్డాయో ఇంగ్లీషులో రాసి అంటించండి, జీడిపప్పు, నువ్వులు, పాలు ముఖ్యంగా. మనింట్లో వండినవి కొన్ని ఫ్రిజ్‌లు తీసుకోవు, బాధపడకండి.

ఈ పని కొత్తదేం కాదు. 1955 డిసెంబర్‌లో అలబామాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టడానికి నిరసనగా, బస్సుల బహిష్కరణ మొదలై 381 రోజులు నడిచింది. అన్ని రోజులు నలభై వేలమంది నల్లవాళ్ళు పనికి ఎలా వెళ్ళారు? నడిచారు, మిగతావాళ్ళని సుమారు 300 కార్లు తిప్పాయి. ఆ కార్ల పెట్రోలుకి డబ్బెక్కడిది? జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఇంకొందరు ఆడవాళ్ళని పోగేసి చికెన్ భోజనాలు, కేకులు అమ్మి ప్రతి వారం డబ్బు తెచ్చి సభలో ఇచ్చేది. ఆ గుంపుకి వాళ్ళు పెట్టుకున్న పేరు "ఎక్కడిదీ కాని క్లబ్" అనే అర్థం వచ్చేది. డబ్బెక్కడ నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే ఎక్కడి నుంచీ రాలేదని చెప్పొచ్చు, చందా ఇచ్చినవాళ్ళ ఉద్యోగాలు పోకుండా. 1969 జనవరిలో ఓక్లండ్‌లో ఒక చర్చిలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్లు బడిపిల్లలకి ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు. మీ శనివారం చర్చి కార్యక్రమం ఆ వంశంలోదే. దాన్ని నడిపేవాళ్ళకి ఈ పని మనకన్నా బాగా తెలుసు, అందుకే మొదటి మూడు నెలలు సలహాలు ఇవ్వకండి. మనం అందరం మేనేజర్లమే, అట్టపెట్టెలు పేర్చే పద్ధతి చూడగానే ప్రాసెస్ మార్చాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. స్ప్రెడ్‌షీట్ కూడా చేశాను. ఎవరూ తెరవలేదు.

మీ స్నేహితుడు "మనకెందుకు ఈ గొడవ" అన్నాడని రాశారు. వాదించి గెలవలేరు, కానీ రెండు సంగతులు చెప్పి చూడండి. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన సురేశ్‌భాయ్ పటేల్ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళారు. ఎవరో సన్నటి నల్లజాతి మనిషి అనుమానాస్పదంగా తిరుగుతున్నాడని పక్కింటాయన పోలీసులకి ఫోన్ చేశాడు. పోలీసు ఆయన్ని నేలకేసి కొడితే ఒళ్ళు కొంతమేర చచ్చుబడిపోయింది. రెండు విచారణల్లో జ్యూరీ తేల్చలేకపోయింది, చివరికి జడ్జి ఆ పోలీసుని నిర్దోషిగా వదిలేశారు. మన అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలు వచ్చి ఇవే వీధుల్లో నడుస్తారు.

రెండోది ఇంకా దగ్గరిది. కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల. 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతుంటే, గంటకి 25 మైళ్ళ పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ళ వేగంతో వచ్చిన పోలీసు కారు గుద్ది చంపింది. ఆ ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు, 11,000 డాలర్ల చెక్కు రాస్తే చాలన్నట్టు ఇంకో పోలీసు నవ్వుతూ ఫోన్‌లో మాట్లాడిన రికార్డింగ్ ఆ సెప్టెంబర్‌లో బయటికొచ్చింది. అప్పుడు సియాటిల్‌లో రోడ్డెక్కినవాళ్ళలో మన పేరు సరిగ్గా పలకడం కూడా రానివాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళెవరూ మనకెందుకు అనలేదు. 2024లో నవ్వినతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు, కారు నడిపినతన్ని 2025లో తీసేశారు. ఆ ఒత్తిడి లేకపోతే అదైనా జరిగేదని నేననుకోను.

ఇంకోటి, ఇది కొంతమందికి నచ్చదు. మన పార్టీల్లో నల్లజాతి వాళ్ళ గురించి వాడే మాటలున్నాయి చూశారూ, అవి ఆపడం కూడా సాయమే, పైగా డబ్బు ఖర్చు లేదు. మంచి స్కూలు ఏరియా అని ఇల్లు వెతికేటప్పుడు మనం నిజంగా ఏం వెతుకుతున్నామో మనకి తెలుసు. కులం సంగతి ఎత్తకుండా జాతి సంగతి మాట్లాడటం నాకైతే ఇబ్బందిగానే ఉంటుంది. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షని నిషేధించినప్పుడు మా గ్రూపులో కోపం తెచ్చుకున్నవాళ్ళలో కొందరు 2020లో నల్లజాతివాళ్ళకి మద్దతుగా నల్ల చతురస్రం డీపీ పెట్టుకున్నవాళ్ళే.

సిటీ కౌన్సిల్ మీటింగుల గురించి క్లుప్తంగా. అక్కడ మామూలుగా పౌరసత్వం అడగరు, ఊళ్ళో ఉంటున్నవాళ్ళెవరైనా రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. పోలీసు బడ్జెట్ చర్చకొచ్చే తేదీ కౌన్సిల్ సైట్‌లో ఉంటుంది, ముందే పేరు ఇవ్వాలి. రాసుకెళ్ళి చదవండి. ఆ రోజు హాల్లో పదిమంది ఉంటే ఎక్కువ, అందుకే మీ రెండు నిమిషాలు లెక్కకొస్తాయి.

ఫోటోలు. నిరసనలో ఎవరి ముఖం కనపడేలా ఫోటో తీసి పెట్టకండి. మీకది జ్ఞాపకం, ఆ మనిషికి సాక్ష్యం. పెట్టాలనుకుంటే ముఖాలు చెరిపేసే సదుపాయం సిగ్నల్‌లోనే ఉంది. సరుకులు పుచ్చుకునేవాళ్ళ ఫోటోలు అసలు తీయకండి, మన సంఘాల అలవాటు ఒకటుంది కదా, దుప్పటి ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, మధ్యలో బ్యానర్. ఇక్కడ అది చేస్తే మళ్ళీ పిలవరు.

పాప సంగతి. సభలకి వద్దు, కనీసం మొదటి రెండు మూడు సార్లు మీరు ఒక్కరే వెళ్ళి ఆ ఊరి పోలీసులు ఎలా ఉంటారో చూసేదాకా. మీ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి, ఇద్దరూ ఒకేసారి వెళ్ళొద్దు. చర్చి పంపిణీకి మాత్రం హాయిగా తీసుకెళ్ళండి. మా అమ్మాయిని తొమ్మిదేళ్ళప్పుడు తీసుకెళ్తే, డైపర్ ప్యాకెట్లు సైజుల ప్రకారం సర్దే పని ఇచ్చారు. ఇంటికొచ్చేటప్పుడు కారులో, వాళ్ళ దగ్గర డబ్బెందుకు లేదు నాన్నా అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను, ఒక ఎగ్జిట్ కూడా దాటేశాను. మరుసటి శనివారం తనే షూ వేసుకుని నిలబడింది, ఐదో సైజు మళ్ళీ అయిపోయుంటుంది, దారిలో కొనుక్కెళ్దాం అని.